కండ్లు తెరువని పటం

కండ్లు లేని రిషి బొమ్మ అని ఫోన్లల్ల తిరుగుతున్నది గదా, గది నేను రాసిందే. కింద చిన్న అక్షరాల నా పేరు గూడ ఉంటది. చూసినోళ్ళు మస్తుగున్నదని మెసేజులు పెడ్తరు. నేను జవాబియ్య. ఏమని ఇయ్యాలె? అది కండ్లు లేని రిషి గాదు నాయినా, కండ్లు ఇంకా రాయని రిషి. గా తేడా తెల్వక ఒక ముసలాయన కథను మన్నుల కలిపిన్రు. గది చెప్దామనే కూసున్న.

మేము సాలోళ్ళం. హుజూరాబాద్ దిక్కు చిన్న ఊరు మాది. బాపు పవర్‌లూమ్ మీద నేస్తడు, అవ్వ కండెలు చుడ్తది. మా సాలోళ్ళకే కథ చెప్పే కులం ఒకటుంటది. ఆళ్ళు పటం పట్టుకొని వస్తరు. పటమంటే గోడకు తగిలేసే ఫోటో గాదు. చాపలెక్క చుట్టి బుజానేసుకొని తెచ్చే పొడుగు బట్ట, దాని నిండ బొమ్మలు. ఇంటి ముందట కట్టెలు పాతి, దాన్ని యాలాడదీసి, పైనుంచి ఒక్కొక్క బొమ్మను పుల్లతోటి ముట్టుకుంట మా కులరిషి కథ చెప్తరు. సూర్యుని బిడ్డను పెండ్లాడి, పులి మీదెక్కి అడివికి పోయి, రాక్షసున్ని చంపి, వాని బొక్కలతోటి మగ్గం, వాని నెత్తురుతోటి రంగులు చేసిన రిషి ఆయన.

కథ చెప్పే ఒక్కొక్క ఇంటికి ఫలానా ఊర్లని ఉంటయి. ఒకల ఊర్లకు ఇంకొకలు రారు, వస్తే తప్పు. మా ఊర్లకు వచ్చేది ఒక తాత, ఆయన పెండ్లాం. మేము పిలిచేది పటం తాత, పటమవ్వ అని. తాత కథ చెప్తడు, పటమవ్వ తాళం కొట్టుకుంట వంత పాడుతది. ఆమె వంతల ఒక్కటే మాట. "అవునయ్యా నా రిషీ, అవతల ఏమాయె?" తాత ఒక ముక్క చెప్పుడు, ఆమె గట్ల అడుగుడు, తాత ఇంకో ముక్క చెప్పుడు. చిన్నగున్నప్పుడు పోరగాళ్ళమందరం ఆమెతోటి గలిసి ఒర్లేది. తాత పుల్ల చూపెట్టి బెదిరిస్తుండె.

నేను హైదరాబాద్‌ల బొమ్మల కాలేజీల చదివిన. ఇప్పుడు ఆదిలాబాద్ దగ్గర బడిల డ్రాయింగ్ టీచర్‌ని. కాలేజీల డీకలోనియల్ అనే మాట నేర్పిన్రు. దొరలు మనకు పెట్టిపోయిన చూపుతోటి గాకుండ మన చూపుతోటి మన అడివిని, మన దేవుండ్లను రాసుకునుడు అని మా సారు చెప్తుండె. ఆ మాట నాకు మస్తు నచ్చింది, అబద్ధమెందుకు. ఇప్పుడు ఎవలన్న అంటే ఒళ్ళు మండుతది.

తాత దగ్గరున్న పటం ఆయన తాత నాటిది. మడతల కాడ చినిగి, రంగు రాలి, ఆఖరికి పులి ఏదో చెట్టు ఏదో తాతకే తెలుస్తుండె. అసోంటి పటాన్ని ఇంట్ల ఉంచుకోరు, అవతల పారెయ్యరు. మనిషి పోతే ఏం చేస్తరో గదే చేస్తరు. ధర్మపురికి తీసుకపోయినం, నేను, బాపు గూడ. పసుపు నీళ్ళు చల్లి, కొత్త తువ్వాల కప్పి, కొబ్బరికాయ గొట్టి, తాత నడుం లోతుకు గోదాట్ల దిగి ఇడిచిపెట్టిండు. బట్ట నీళ్ళు తాగి మెల్లగ బరువెక్కింది. మునిగేముందు ఒక్కసారి తిరగబడ్డది, పులి మొఖం పైకొచ్చింది. తాత ఒడ్డుకొచ్చి పసిపోరనిలెక్క ఏడ్చిండు. పటమవ్వ తడిసిన ధోతి పిండుకుంట, "పోనియ్యి, కొత్తది వస్తది" అనవట్టె.

గా గోదారి మెట్ల మీదనే తాత నన్ను అడిగిండు. "పటాలు రాసేటోళ్ళు మన దిక్కు ఎవలు మిగులలే. నువ్వు బొమ్మలు రాస్తవట గదా బిడ్డా. నువ్వే రాయి."

"నేను రాసే తీరు వేరే ఉంటది తాతా."

"ఏ తీరైతేంది. రిషి ఉండాలె, పులి ఉండాలె, నాకు గుర్తుపట్ట రావాలె."

అట్లనే కథ ఒకసారి చెప్పు, ఫోన్‌ల పట్టుకుంట అన్న. తాత మొదలువెట్టిండు. కొద్దిసేపటికే ఆగమైండు. పులి ముందొస్తదో, సూర్యుని బిడ్డ ముందొస్తదో. చెయ్యి గాలిల పుల్లను ఆడిస్తుంది, ముట్టేందుకు బొమ్మ లేదు. "రాదు బిడ్డా. పటంల రిషి నన్ను చూస్తుండాలె. తప్పు చెప్తే ఆయన మొఖంల నాకు ఎరుకైతది" అన్నడు. నేను ఫోన్ లోపల పెట్టిన. అప్పటికే తాతకు దమ్ము. జరంత నడిస్తే ఎగపోస్తుండె, దవాఖానల ఇచ్చిన పంపు అంగి జేబుల పెట్టుకొని తిరుగుతుండె. "కొత్త పటం కండ్లు తెరిస్తే ఒక్కతాప నా ఊర్లన్ని తిరిగి చెప్పొస్త. అటెన్క ఏమన్న గానీ, ఫికర్ లేదు." నేను రాసిందల్ల గీ మాట కోసమే.

పవర్‌లూమ్ బట్టకు గంజి పట్టది. బాపు ఎవలింట్లనో మూలకు పడ్డ చేతిమగ్గం బాగు చేసుకొని, సుట్టీ ఉన్న రోజులల్ల కూసోని నేసిండు. "నా చెయ్యి మర్చిపోయింది గాని కాలు మర్చిపోలే" అని నవ్విండు. గా బట్టకు చింతగింజల జిగురు, బియ్యం గంజి, సుద్ద కలిపి పూసి, ఎండవెట్టి, మళ్ళ పూసి ఆదిలాబాద్‌కు తెచ్చుకున్న. నా కిరాయి ఇల్లు జిన్నింగ్ మిల్లు ఎనుక ఉంటది. దూది ఎగిరొచ్చి పచ్చి రంగుకు అంటుకునేది. తీసి తీసి పరేషానయి, కొంత అట్లనే ఉంచిన. ఆకాశంల మొగులు గానీ అనుకున్న.

అడివిని మా అడివే రాసిన. టేకు, ఇప్ప, వెదురు, ఎండకాలం మంటలెక్క ఎర్రగ పూసే మోదుగు, వాన పడంగనే మోకాలెత్తు లేచే గడ్డి. నడుమ బొగ్గు బాయి తవ్విన పెద్ద బొంద. రాక్షసునికి నెత్తి మీద దొర టోపీ వెట్టిన, చేతుల టేకు మొద్దుల మీద ముద్రలు గొట్టే సుత్తె వెట్టిన. గది చూసి తాత ఏమంటడో అని నాకు గుబులు. తాత బస్సెక్కి ఆదిలాబాద్ దాక వచ్చిండు చూసేటందుకు. చాపమీద కూసోని టోపీ దిక్కే చాన సేపు చూసిండు. ఒక్కసారి పకపక నవ్విండు, నవ్వుకుంట దగ్గిండు. "వీడా! వీన్ని నేను ఎరుగుదు. మా అయ్య చెప్తుండె, మొద్దులు గోదాట్ల తేలేసుకుంట తీస్కపోయిన్రట. ఉంచు, మంచిగున్నడు. వీని మీద నాలుగు మాటలు కలుపుత." పటమవ్వ వెంటనే "అవతల ఏమాయె?" అని కిసుక్కున నవ్వింది. నా బతుకుల నా బొమ్మకు గంత మంచి మెప్పు మళ్ళ రాలే, రాదు గూడ.

అన్నీ అయినయి, కండ్లు తప్ప. పటంల ఎవ్వలికీ కండ్లు ముందుగాల రాయరు. రిషికి గానీ, పులికి గానీ, రాక్షసునికి గానీ. అన్నిటికి ఆఖర్న, మంచిరోజు చూసి, కథ చెప్పేటాయనను ముందట కూసోవెట్టి, దీపం మసితోటి కండ్లు తెరిపిస్తరు. గప్పుడే పటంలకు పానం వస్తది. ఆ కండ్లు మొట్టమొదలు చూసేది కథ చెప్పేటాయననే. నేను రాసుడు అయ్యేసరికి ఆషాఢం వచ్చింది. ఆషాఢంల తెరువరాదు. శ్రావణంల నూలు పున్నం నాడు తెరుద్దాం, సాలోళ్ళ పండుగ గూడ అదే గదా అన్నడు తాత. మా ఇంటి ఓనరామె మరాఠీ ఆమె. వచ్చినప్పుడల్ల గోడకున్న పటం చూసి "డోళే కుఠే?" అని అడుగుతుండె, కండ్లేవీ అని. జర ఆగు మావశీ, వస్తయి అంటుంటి.

గా ఆషాఢంలనే వచ్చింది క్యూరేటర్ మేడం. హైదరాబాద్‌ల పెద్ద గ్యాలరీ వాళ్ళు అడివి మీద, ఆదివాసీ కథల మీద, గా డీకలోనియల్ మీద బొమ్మలు జమచేస్తున్నరు. మా కాలేజీ సారు నా సంగతి చెప్పిండట. కారు దిగి లోపలికొచ్చి పటం ముందట నిలబడ్డది. నిలబడి ఏడ్చింది. దొంగ ఏడుపు గాదు, నిజంగనే ఏడ్చింది.

"వీళ్ళందరూ చూపును నిరాకరిస్తున్నారు. మనల్ని చూడటానికి ఒప్పుకోవడం లేదు. ఎంత గొప్ప ఆలోచన అండీ!"

"ఆలోచన గాదు మేడం, ఆషాఢం" అన్న. నవ్వింది. నేను నకరాలు చేస్తున్న అనుకున్నదో ఏమో. మళ్ళ అంత ఇడమరిచి చెప్పిన. కండ్లు తెరువని పటాన్ని నలుగురికి చూపియ్యద్దని చెప్పిన. ఇయ్యనని గూడ చెప్పిన. అప్పుడు ఆమెనే అన్నది: మా హాల్లోనే తెరిపిద్దాం, పెద్దాయన అక్కడే మొదటిసారి కథ చెప్తారు, అప్పటిదాకా పరదా కప్పి ఉంచుతాం, తర్వాత పటం మీరు తీసుకెళ్ళొచ్చు అని. నేను తాతకు ఫోన్ చేసిన. ఒద్దంటడేమో అనుకుంటే, ఫోన్‌లనే సంబురపడ్డడు. "పట్నంల గంతమంది నడుమ మన రిషి కండ్లు తెరుస్తడా? మా తాతలల్ల ఎవలు పోలే బిడ్డా గాడికి. ఇయ్యి, ఇయ్యి. నేను కొత్త ధోతి కొంట." మేడం ఇచ్చిన కాగితాల మీద సంతకం పెట్టిన, పటం కారెక్కి పోయింది. ఖాళీ గోడకు ఇంకా దూది అంటుకునే ఉండె.

నూలు పున్నం నాడు తెల్లారక ముందే కరీంనగర్ల బస్సెక్కినం. నేను, తాత, పటమవ్వ. తాతకు కొత్త ధోతి, నెత్తికి రుమాలు. నా సంచిల ఉడుత బొచ్చు బ్రష్, కొబ్బరి చిప్పల దీపం మసి, ఒక కొబ్బరికాయ, పసుపు. తాత తొవ్వ పొడుగూత పెదవులు ఆడించుకుంటనే ఉన్నడు, టోపీ రాక్షసుని మీద కలిపిన మాటలు మర్చిపోవద్దని. ఒక్కసారి గూడ పంపు పీల్చలే. నేనే గుర్తు చేస్తే, "ఇయ్యాల అవసరం లేదు" అన్నడు.

లోపలికి పోంగనే పటం దిక్కు చూసిన. పరదా లేదు. పటం మీద తెల్లటి లైట్లు. పక్కన బోర్డు: వలస పాలకుల చూపుకు లొంగని ఆదిమ దేవుడు, ఉష్ణమండలపు అడవి మౌనం. పరదా కప్పనే లేదట. మొదటి దినం నుంచే పెట్టిన్రట. ఫోటోలు దేశమంత పోయినయి, దేశం దాటి గూడ పోయినయి. ఇక్కడ అయిపోంగనే వేరే దేశాలకు పంపాలని మాటిచ్చిన్రట, గా కండ్లు లేని రిషినే కావాలన్నరట. మేడం నన్ను పక్కకు పిలిచి గీ సంగతంత శుభవార్త చెప్పినట్టు చెప్పింది.

"సంతోషం. ఇప్పుడు కండ్లు రాస్త, జరగున్రి" అన్న.

"ప్లీజ్, అర్థం చేసుకోండి. ప్రదర్శనలో ఉన్న పనిని ముట్టుకోకూడదు. ఇప్పుడిది మీ ఒక్కరిదే కాదు. కళ్ళు పెడితే ఇక ఇందులో ఏముంటుంది?"

నాకు ఆగలే. సంచిల నుంచి బ్రష్ తీసి ముందటికి పోయిన. సెక్యూరిటీ ఆయన అడ్డం వచ్చి నా చెయ్యి పట్టుకున్నడు. మాట చూస్తే మన మంచిర్యాల దిక్కు మాటనే. "అక్కా, ముట్టద్దట. నా నౌకరి పోతది అక్కా" అని నాకే వినేటట్టు అన్నడు. నేను రాసిన బొమ్మను నేను ముట్టద్దు! కడుపు మండి నోటికొచ్చినట్టు ఒర్రిన. నా రిషిని గుడ్డోన్ని చేసిన్రు గదనే, మీ పాడుగాను, మీకేం అన్యాలం చేసిన అని ఒర్రిన. చుట్టూ జనం జమైన్రు. ఫోన్లు లేపిన్రు. నేను దమ్ము తీసుకునేటందుకు ఆగంగనే, ఏమన్నరో చెప్పనా? చప్పట్లు కొట్టిన్రు. ఇది గూడ ప్రదర్శనల భాగమే అనుకున్నరు నా కర్మ!

ఇదంత అయ్యేదాక తాత పటం ముందట చాపేసిన కాడనే కూసున్నడు. మేడం పోయి ఆయన పక్కన మోకాళ్ళ మీద కూసోని చాన మర్యాదగ అడిగింది. ఇలాగే, కండ్లు లేకుండానే పాడండి, ఇంకా గొప్పగా ఉంటుంది అని. తాత ఆమెను, రిషిని చూసిండు. పుల్ల లేపిండు. పటమవ్వ తాళం సరిచేసుకున్నది. పుల్ల రిషి మొఖం కాడికి పోయి ఆగింది. తెల్లగ, సదునుగ ఉన్నది కండ్ల జాగ. తాత పుల్ల దించిండు.

"ఎవలికి చెప్పాలె బిడ్డా?" అన్నడు నా దిక్కు తిరిగి. "ఈడ ఎవ్వలు లేరు గదా."

ఆ హాలు కిటకిటలాడుతుండె. తాత రుమాలు తీసి, దాంట్ల తాళాలు సప్పుడు గాకుండ చుట్టి, పటమవ్వ చేతుల పెట్టిండు. కొబ్బరికాయ కొట్టకుండనే మళ్ళ ఇంటికొచ్చింది.

తిరుగు బస్సెక్కినం. సిద్దిపేట దాటినంక తాత ఒక్కటే అడిగిండు, "మళ్ళెప్పుడు ఇస్తరట?" తొందర్లనే అన్న. ఇంకేమనాలె?

తొందర్లనే అన్నది నేను ఎన్నిసార్లు అన్ననో. మేడం ఫోన్ ఎత్తితే ఒక దేశం పేరు, ఎత్తకుంటే ఆఫీసోళ్ళు చెప్పే ఇంకో దేశం పేరు. సారుతోటి చెప్పించిన, లాయరును అడిగిన. కాగితాల మీద అంత సక్కగనే ఉన్నదన్నరు. ఆదిలాబాద్‌ల సలి దిగింది, పత్తి బండ్లు మిల్లు ముందట బారు కట్టినయి. ఇటు తాత ఊర్లకు పోలే. పటం లేకుండ ఇండ్ల ముందటికి ఎట్ల పోతడు? సాలోళ్ళు ఎదురైతే ఈ ఏడు కథ రాదా అని అడుగుతున్నరని ఇంట్లకెళ్ళి ఎల్లుడే బందు చేసిండని పటమవ్వ చెప్పింది. పటమవ్వకు ఫోన్ చేస్తే ఎనుక తాత దగ్గు వినవడుతుండె.

గప్పుడే రెండో పటం పట్టిన. బాపు మళ్ళ నేసిండు. ఈసారి రాయబుద్ధి గాలే, ఏడ్చుకుంట రాసిన. టోపీ పెట్టలే. రాక్షసుడు ఎట్లుంటడో నాకు తెల్వలే. గ్యాలరీల లైటు కింద మోకాళ్ళ మీద కూసోని మర్యాదగ మాట్లాడేటోళ్ళను ఎట్ల రాస్తరు?

పటం సగం గాకముందే, మాఘమాసంల తాత పోయిండు. దమ్ముతోటే పోయిండు. దవాఖానల గూడ వేలు గాలిల ఆడించుకుంటనే ఉన్నడట, బొమ్మలు వెతికినట్టు. నేను ఆదిలాబాద్ నుంచి పోయేసరికి పాడె లేపిన్రు. పటమవ్వ నన్ను తిట్టుంటే బాగుండు. "తిన్నవా బిడ్డా?" అని అడిగింది.

సగమైన పటాన్ని అట్లనే ఇడిచిపెడ్తె ఇడిచిపెట్టేది. గాని ఆపలే, నాకెందుకో చాతగాలే. మళ్ళ నూలు పున్నానికి పూర్తయింది. మా ఇంటి ముందట కట్టెలు పాతి యాలాడదీసినం. అవ్వ, బాపు, వాడకట్టు సాలోళ్ళు కొందరు. పటమవ్వను బాపు బండి మీద తీసుకొచ్చిండు. తాత కూసునే జాగ ఖాళీగ పెట్టి, మసి ముంచి రాసిన. ముందుగాల పులికి, అటెన్క సూర్యుని బిడ్డకు, ఆఖర్న రిషికి. కండ్లు తెరుచుకున్నయి, మంచిగ తెరుచుకున్నయి. ఖాళీ చాపనే చూస్తున్నయి.

వంత తప్ప తనకు కథ రాదని పటమవ్వ ముందే చెప్పింది. చెప్పేటోడు ఉండంగ నాకెందుకని ఎన్నడు మనసు పెట్టలేదట. మా కులరిషి కథ వేరే ఊర్ల చెప్పేటోళ్ళు ఉన్నరు, గాని మా ఊర్లకు వాళ్ళు రారు. కథ నడుమ పిలిచే మా ఇండ్ల తాతల పేర్లు వాళ్ళకు తెల్వయి. ఇగ అయిపోయింది, దీపం పెట్టి లేద్దాం అనుకున్నం.

పటమవ్వ లేవలే. చాప అంచుకు, ఎప్పుడు కూసునే దిక్కే కూసోని, రుమాలు ఇప్పి తాళాలు తీసింది. రిషి దిక్కు చూసి గొంతెత్తింది.

"అవునయ్యా నా రిషీ, అవతల ఏమాయె?"

తాళం ఆగింది. ఆమె పక్కకు తిరిగి, ఖాళీ చాప దిక్కు చూసుకుంట ఆగింది, తాత ఒక ముక్క చెప్పేటంత సేపు. మళ్ళ అడిగింది. మళ్ళ ఆగింది. వాడకట్టోళ్ళు తలకాయలు దించుకున్నరు. బాపు లేచి గోడ దిక్కు తిరిగిండు. ఆపుదామని మా అవ్వ పోయి బుజం మీద చెయ్యేసింది. పటమవ్వ ఆ చెయ్యి మెల్లగ తీసి పక్కన పెట్టి, జర ఆగు, ఆయన ఇంకా చెప్పాలె గదా అన్నది, మళ్ళ అదే అడిగింది.